అదనపు భాషగా స్పానిష్: ఉపాధికి ఎంతవరకు ఉపకరిస్తుంది?

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని అధ్యయనం చేసిన తరువాత మీరు స్పానిష్ భాష ఏయే దేశాల్లో వాడుకలో ఉందో చెప్పగలుగుతారు. మన ప్రాంతపు పరిశ్రమల్లో ఆ భాష అవసరం ఎక్కడ పడుతుందో ఉదాహరణలతో వివరించగలుగుతారు. ఏ స్థాయి వరకు నేర్చుకుంటే ఏ పని చేయవచ్చో అంచనా వేయగలుగుతారు. ముఖ్యంగా, మీ సమయాన్నీ డబ్బునూ దీని మీద వెచ్చించాలా వద్దా అన్నది మీరే నిర్ణయించుకోగలుగుతారు.

7.1 పరిచయం

1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య గురించి మీరు తెలుగు పాఠాల్లో చదివే ఉంటారు. ఆయన యాత్ర అందరికీ గుర్తుంటుంది కాని, ఆయన ఉద్యోగం చాలామందికి గుర్తుండదు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. న్యాయమూర్తులకు ఇక్కడి భాషలు రావు. కక్షిదారులకు ఇంగ్లీషు రాదు. ఆ రెండు పక్షాల మధ్య మాటను మోసే పని ఆయనది. 'ద్విభాషి' అన్న మాటే వాడుకలో 'దుబాసీ' అయింది. అంటే రెండో భాష నేర్చి దానితో బతకడం మన వాళ్లకు కొత్త కాదు. ఇక్కడ ఒక విషయం గమనించండి. వీరాస్వామయ్యకు ఇంగ్లీషు వచ్చినంత మాత్రాన ఆ ఉద్యోగం సాగలేదు. కోర్టు వ్యవహారం కూడా తెలిసి ఉండాలి. భాష ఒక చేయి, విషయం మరో చేయి. ఈ భాగం పొడవునా ఈ సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

సంప్రదింపు తరగతుల్లో విద్యార్థులు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంగ్లీషే సరిగా రావడం లేదు, ఇంకో భాష ఎందుకండీ?" ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. ఇంగ్లీషులో ఒక ఉత్తరం తప్పుల్లేకుండా రాయలేని స్థితిలో ఉంటే ముందు దాని సంగతి చూసుకోవడమే మంచిది. మన దేశంలో స్పానిష్‌తో ముడిపడిన ఉద్యోగాలు దాదాపు అన్నీ ఇంగ్లీషు కూడా అడుగుతాయి. ఆ పునాది కొంత ఉన్నవారిని ఉద్దేశించి ఈ భాగం రాయడమైంది.

7.2 స్పానిష్ ఎక్కడెక్కడ?

స్పానిష్ పుట్టిల్లు స్పెయిన్. ఆ భాష మాట్లాడేవారిలో అత్యధికులు మాత్రం అట్లాంటిక్ అవతల ఉన్నారు. మెక్సికో, కొలంబియా, అర్జెంటీనా, పెరూ, చిలీ, ఈక్వడార్, క్యూబా మొదలైన 18 లాటిన్ అమెరికా దేశాలు, స్పెయిన్, ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీ కలిపి 20 సర్వసత్తాక దేశాల్లో అది అధికార భాష. అమెరికా పాలనలో ఉన్న ప్యూర్టోరికోలో కూడా అంతే. స్పానిష్‌ను మాతృభాషగా మాట్లాడేవారు సుమారు 50 కోట్లమంది. ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషల్లో ఇదొకటి.

బ్రెజిల్‌ను ఈ జాబితాలో చేర్చకండి. అక్కడ పోర్చుగీసు మాట్లాడతారు. పరీక్షలోనే కాదు, ఇంటర్వ్యూల్లో కూడా ఈ పొరపాటు దొర్లుతుంది. లాటిన్ అమెరికా మార్కెట్‌కు మనిషిని వెతుకుతున్న సంస్థకు ఆ ఒక్క మాటతోనే అభ్యర్థి లోతు తెలిసిపోతుంది.

అమెరికా సంయుక్త రాష్ట్రాల సంగతి వేరు. అక్కడ ఇళ్లలో స్పానిష్ మాట్లాడేవారు 4 కోట్లకు పైగా ఉన్నారు. ఆసుపత్రి, బ్యాంకు, బీమా సంస్థ, పాఠశాల వీరందరితో వ్యవహరించాలి. మన తెలుగువారు వేల సంఖ్యలో స్థిరపడిన టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్రాల్లో దుకాణం నడపాలన్నా, మందుల షాపులో పనిచేయాలన్నా రోజూ స్పానిష్ చెవిన పడుతూనే ఉంటుంది.

7.3 మన ప్రాంతపు పనులు, ఆ భాషతో వాటి సంబంధం

స్పానిష్ వస్తే ఉద్యోగం వస్తుందని ప్రకటనలు చెబుతాయి. ఏ ఉద్యోగం, ఏ బల్ల దగ్గర, ఏ కాగితం మీద అన్నది చెప్పవు. కొంచెం దగ్గరగా చూద్దాం.

ముందుగా మందుల పరిశ్రమ. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖపట్నం దగ్గర తయారయ్యే మందులు, మందుల ముడిపదార్థాలు లాటిన్ అమెరికా దేశాలకు వెళ్తాయి. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2005లో మెక్సికోలోని ఒక ముడిపదార్థాల కర్మాగారాన్ని రోష్ సంస్థ నుంచి కొనుగోలు చేసింది. ఒక మందును మెక్సికోలో అమ్మాలంటే కొఫెప్రిస్ అనే ప్రభుత్వ సంస్థ అనుమతి కావాలి. కొలంబియాలో ఈ పని ఇన్‌విమా చూస్తుంది, అర్జెంటీనాలో అన్‌మాత్. శాస్త్రీయ వివరాలు చాలావరకు ఇంగ్లీషులోనే తయారవుతాయి. కాని డబ్బా మీది లేబుల్, లోపల పెట్టే సమాచార పత్రం, అధికారులతో జరిగే ఉత్తర ప్రత్యుత్తరాలు స్పానిష్‌లో ఉండాలి. ఆ కాగితాలను తయారుచేసే విభాగాన్ని మన కంపెనీల్లో 'రెగ్యులేటరీ అఫైర్స్' అంటారు. బి.ఎస్సీ. రసాయనశాస్త్రం లేదా బి.ఫార్మసీ చదివినవారు ఇక్కడ చేరతారు. అనువాదాన్ని సాధారణంగా బయటి అనువాదకులకు ఇస్తారు. వచ్చిన అనువాదంలో మోతాదు సరిగా ఉందా, 'ఫెచా దె కదుసిదాద్' అన్న చోట గడువు తేదీయే పడిందా, 'ప్రిన్సిపియో అక్తివో' అన్న చోట అసలు మందు పేరే ఉందా అని సరిచూడగల మనిషి ఆ విభాగంలోనే ఉంటే పని ఆగదు. ఆ మనిషికి కవిత్వం చదివేంత స్పానిష్ అక్కర్లేదు. రసాయనశాస్త్రం మీద పట్టు, చదివి అర్థం చేసుకునే స్థాయి భాష ఉంటే చాలు.

రెండో ఉదాహరణ మీరు ఊహించనిది: రొయ్యలు. భీమవరం, నెల్లూరు ప్రాంతాల చెరువుల్లో ఇప్పుడు పెరుగుతున్న వనామీ రొయ్య మన సముద్రానిది కాదు. మెక్సికో నుంచి పెరూ వరకు పసిఫిక్ తీరం దాని జన్మస్థలం. మన దేశంలో దాని పెంపకానికి 2009లో అనుమతి వచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో ప్రపంచ మార్కెట్‌లో రొయ్యల ఎగుమతిలో మనల్ని మించిన దేశం ఈక్వడార్. అంటే మన రైతుకు అసలు పోటీదారు స్పానిష్ మాట్లాడతాడు. అక్కడి రైతులు దేన్ని మేతగా వేస్తున్నారు, ఏ తెగులును ఎలా ఎదుర్కొంటున్నారు, ఈ వారం ధర ఎంత అన్న కబుర్లు ముందు స్పానిష్‌లో వస్తాయి. వాటిలో కొన్ని మాత్రమే ఇంగ్లీషులోకి దిగుతాయి. రొయ్యను అక్కడ 'కమరోన్' అంటారు. రొయ్యల చెరువును ఈక్వడార్‌లో 'పిసీనా' అంటారు. మామూలుగా ఆ మాటకు ఈత కొలను అని అర్థం. నిఘంటువు మాత్రమే పట్టుకుని చదివితే రొయ్యలు ఈత కొలనులో పెరుగుతున్నాయనుకుంటారు! మేత కంపెనీలో, హేచరీలో, ఎగుమతి సంస్థలో పనిచేయాలనుకునే విద్యార్థి ఈ భాష వైపు చూడటం ఇంకా అరుదు. అందుకే అక్కడ దానికి విలువ ఎక్కువ ఉండవచ్చని నా అభిప్రాయం.

సాఫ్ట్‌వేర్ సేవల విషయానికొస్తే, టి.సి.ఎస్. 2002లోనే ఉరుగ్వేలో కేంద్రం తెరిచింది. ఇన్ఫోసిస్ 2007లో మెక్సికోలోని మోంతెరేకి వెళ్లింది. అమెరికా ఆఫీసు వేళలకు దగ్గరగా ఉండే చోటు కావడం దీనికి ఒక కారణం. ఇది రెండు వైపులా పదునున్న కత్తి. హైదరాబాద్‌లోని బృందం మోంతెరే బృందంతో కలిసి పనిచేయాల్సి వచ్చినప్పుడు స్పానిష్ తెలిసినవారికి గుర్తింపు దక్కుతుంది. అయితే ఖాతాదారుతో నేరుగా స్పానిష్‌లో మాట్లాడే ఉద్యోగాన్ని ఆ కంపెనీ అక్కడివారికే ఇవ్వగలదు. కాబట్టి భాష ఒక్కటే పెట్టుబడిగా ఈ రంగంలోకి దిగకండి.

వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు ఒక హెచ్చరిక. మనం వంటకు వాడే సోయా నూనెలో గణనీయమైన భాగం అర్జెంటీనా నుంచి వస్తుంది. చిలీ నుంచి రాగి ఖనిజం వస్తుంది. అర్జెంటీనాలోని కతమార్కా రాష్ట్రంలో లిథియం కోసం అన్వేషించడానికి భారత ప్రభుత్వ రంగ సంస్థ కాబిల్ 2024 జనవరిలో ఒప్పందం చేసుకుంది. ఇలాంటి లావాదేవీల్లో అంకెలే ప్రాణం. అర్జెంటీనా, చిలీ, కొలంబియా, స్పెయిన్ దేశాల్లో దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు, వేలను విడదీయడానికి చుక్క పెడతారు. అక్కడి కొటేషన్‌లో '1.500' అని ఉంటే అది ఒకటిన్నర కాదు, పదిహేను వందలు. మెక్సికోలో మళ్లీ మనలాగే రాస్తారు. ఇంకా చిక్కు: ఇంగ్లీషు 'బిలియన్' అంటే 100 కోట్లు. స్పానిష్ 'బియోన్' అంటే లక్ష కోట్లు. 100 కోట్లను వాళ్లు 'మిల్ మియోనెస్', అంటే వెయ్యి మిలియన్లు అంటారు. ఈ తేడా తెలియని గుమాస్తా రాసిన ఒక్క అంకె మొత్తం బేరాన్ని తలకిందులు చేయగలదు.

ప్రభుత్వోద్యోగాల గురించి క్లుప్తంగా: విదేశాంగ సేవకు ఎంపికైన అధికారులు శిక్షణలో భాగంగా ఒక విదేశీ భాష నేర్చుకోవాలి, వాటిలో స్పానిష్ ఉంది. ఆ శాఖలో దుబాసీల విభాగం కూడా ఉంది. పోస్టులు బహు కొద్ది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) మందుల ఎగుమతిలో ఏయే కాగితాలు స్పానిష్‌లో ఉండాలి?
(ఆ) చిలీ నుంచి వచ్చిన బిల్లులో '2.750,50' అని ఉంటే దాన్ని మన పద్ధతిలో ఎలా రాస్తారు?

7.4 ఒక్క మాట ఖరీదు

1980లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 18 ఏళ్ల యువకుణ్ణి స్పృహలేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. కుటుంబం క్యూబా నుంచి వచ్చినది. అతను 'ఇంతోక్సికాదో' అని ఇంట్లోవాళ్లు చెప్పారు. తిన్నది వికటించి జబ్బు చేసిందని వాళ్ల ఉద్దేశం. విన్నవారికి అది ఇంగ్లీషు 'ఇంటాక్సికేటెడ్'లా వినిపించింది. మత్తుమందు ఎక్కువ మోతాదులో తీసుకున్నాడనుకుని వైద్యులు దానికే చికిత్స చేశారు. నిజానికి అతని మెదడులో రక్తస్రావం జరుగుతోంది. అది బయటపడేసరికి ఆలస్యమైంది. కాళ్లూ చేతులూ శాశ్వతంగా చచ్చుబడ్డాయి. చివరికి పరిహారంగా జీవితకాలంలో సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్లు చెల్లించేలా పరిష్కారం కుదిరింది.

ఆ గదిలో రెండు భాషలూ 'కొంచెం కొంచెం' వచ్చినవారికి కొరత లేదు. తనకు ఎంత వచ్చో, ఎంత రాదో తెలిసిన శిక్షణ పొందిన దుబాసీ మాత్రం లేరు. 1964 నాటి పౌరహక్కుల చట్టం ప్రకారం అమెరికాలో కేంద్ర నిధులు అందుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు సరిగా రాని రోగులకు భాషా సహాయం కల్పించాలి. అందుకే అక్కడ వైద్య దుబాసీ పని ఒక వృత్తిగా నిలబడింది. దానికి ప్రత్యేక పరీక్షలున్నాయి. నర్సింగ్, ఫార్మసీ చదివి అమెరికా వెళ్లే ఆలోచన ఉన్నవారు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇలా ఇంగ్లీషును పోలి మోసం చేసే మాటలు ఇంకా ఉన్నాయి. 'ఎంబరసాదా' అంటే సిగ్గుపడినది కాదు, గర్భవతి. స్పెయిన్‌లో 'కోన్స్తిపాదో' అంటే మలబద్ధకం ఉన్నవాడు కాదు, జలుబు చేసినవాడు. ఇంగ్లీషులో 'ఒకసారి' అని చెప్పడానికి రాసే 'వన్స్' అక్షరాలను స్పానిష్ మనిషి 'ఓన్సె' అని చదువుతాడు. ఆ భాషలో ఓన్సె అంటే పదకొండు. మందు సీసా మీద ఆ మాట ఉంటే ఏం జరగవచ్చో మీరే ఆలోచించండి.

7.5 తెలుగువారికి ఈ భాష ఎలా ఉంటుంది?

మీరు అనుకునేంత పరాయిగా ఉండదు. బొత్తాం, తువ్వాలు, అల్మారా, మేస్త్రీ అన్న మాటలు మనకు పోర్చుగీసు నుంచి వచ్చాయి. పోర్చుగీసు స్పానిష్‌కు చెల్లెలి వంటిది. అందుకే స్పానిష్‌లో అవే మాటలు బొతోన్, తొఆయా, అర్మారియో, మఎస్త్రో రూపంలో మీకు ఎదురవుతాయి.

ఉచ్చారణలో మనకు చాలా అనుకూలం. స్పానిష్‌లో అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. రాసినట్టే పలుకుతారు. త, ద అక్షరాలు మన దంత్యాలకు దగ్గరగా పలుకుతాయి. ఇంగ్లీషువారికి ఇవే కష్టం. మనం మాటల్లో దాదాపు పోగొట్టుకున్న బండి ఱ వాళ్ల దగ్గర సజీవంగా ఉంది. 'పెరో' అంటే కాని, 'పెఱ్ఱో' అంటే కుక్క. చిన్నప్పుడు ర, ఱ తేడా ఎందుకని విసుక్కున్నవారు ఇక్కడ దాని విలువ తెలుసుకుంటారు.

వ్యాకరణం ఇంకా ఆసక్తికరం. "మాట్లాడతాను" అన్నప్పుడు 'నేను' అని చెప్పనక్కర్లేదు కదా. క్రియ చివరే కర్త దాగి ఉంది. స్పానిష్‌లో కూడా అంతే: అబ్లో అంటే మాట్లాడతాను, అబ్లాస్ అంటే మాట్లాడతావు, అబ్లామోస్ అంటే మాట్లాడతాం. నువ్వు, మీరు తేడా 'తూ', 'ఉస్తెద్' రూపంలో ఉంది. ఒక పెద్ద అధికారిని తూ అని పిలిస్తే ఎలా ఉంటుందో ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి నేర్పాలి, మీకు నేర్పనక్కర్లేదు. అన్నిటికన్నా అందమైన పోలిక ఇది: "నాకు కాఫీ నచ్చుతుంది" అనే వాక్యంలో నచ్చేది కాఫీ, నచ్చడం నాకు. స్పానిష్‌లో 'మె గుస్తా ఎల్ కఫే' కూడా సరిగ్గా ఇదే కట్టుబాటు. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవారు ఈ వాక్యం దగ్గర వారాల తరబడి తడబడతారు. మీరు తెలుగులో ఆలోచించండి, నిమిషంలో పట్టుబడుతుంది.

కష్టాలు కూడా ఉన్నాయి. ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది. బల్ల స్త్రీ, పుస్తకం పురుషుడు. 'ఉండు' అనే అర్థానికి 'సేర్', 'ఎస్తార్' అని రెండు క్రియలు. ఎక్కడ ఏది వాడాలో అలవాటైతేగాని రాదు. క్రియారూపాల పట్టిక పొడవు చూసి చాలామంది ఆరో వారంలో పుస్తకం మూసేస్తారు. ఆ ఆరో వారం దాటండి.

7.6 ఎంత కాలం, ఏ స్థాయి, ఎక్కడ?

యూరప్‌లో రూపొందిన కొలమానం ప్రకారం భాషా సామర్థ్యాన్ని ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు మెట్లుగా చూస్తారు. ఎ1, ఎ2 పూర్తిచేస్తే పలకరింపులు, దారి అడగడం, చిన్న ఉత్తరం వరకు వస్తుంది. బయోడేటాలో రాసుకోవచ్చు కాని దాని మీద ఎవరూ జీతం ఇవ్వరు. పైన చెప్పిన కాగితాలను చదివి సరిచూసే పనికి బి1 కనీసం అవసరం. ఫోనులో ఖాతాదారుతో మాట్లాడాలంటే బి2. అనువాదం వృత్తిగా చేసుకోవాలంటే సి1 దాటాలి.

అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ అనుభవం ప్రకారం, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు ఉద్యోగానికి పనికొచ్చే స్థాయికి చేరడానికి సుమారు 600 నుంచి 750 తరగతి గంటలు పడతాయి. రోజుకు ఒక గంట చొప్పున లెక్క వేసుకోండి: దాదాపు రెండేళ్లు. "మూడు నెలల్లో స్పానిష్" అన్న బోర్డు కనిపిస్తే ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

అంతర్జాతీయంగా గుర్తింపు ఉన్న పరీక్ష 'దెలె'. స్పెయిన్ ప్రభుత్వం తరఫున 1991లో ఏర్పడిన సెర్వాంతెస్ సంస్థ దీన్ని నిర్వహిస్తుంది. ఆ సంస్థకు న్యూఢిల్లీలో కేంద్రం ఉంది. దెలె పత్రానికి గడువు లేదు. ఎ1 నుంచి బి2 వరకు చదవడం, రాయడం ఒక జట్టు. వినడం, మాట్లాడటం మరో జట్టు. ఒక్కో జట్టుకు 50 మార్కులు, ప్రతి దానిలో కనీసం 30 రావాలి. ఒకదానిలో 50 వచ్చినా రెండోదానిలో 28 వస్తే ఉత్తీర్ణులు కారు. దూరవిద్య విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: పుస్తకం ముందు కూర్చుని చదవడం, రాయడం బాగా వస్తాయి, చెవీ నోరూ వెనకబడతాయి. 'సియెలె' అనే మరో పరీక్ష కంప్యూటర్ మీద జరుగుతుంది. దాని ఫలితం ఐదేళ్లు చెల్లుతుంది.

హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం స్పానిష్ బోధిస్తుంది. 1958లో ఇంగ్లీషు బోధన సంస్థగా మొదలై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో స్పానిష్ సర్టిఫికెట్ కోర్సు రూపొందించింది. ఈ ఏడాది ప్రవేశాలు ఉన్నాయో లేదో మీ ప్రాంతీయ కేంద్రంలో కనుక్కోండి. ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే సెర్వాంతెస్ సంస్థ వెబ్‌సైట్‌లోని పాఠాలు, స్పానిష్ రాజ అకాడమీ ఆన్‌లైన్ నిఘంటువు చాలు. ముందు రెండు నెలలు ఇలా చదవండి. ఆ తరువాత కూడా ఆసక్తి నిలిస్తేనే ఫీజు కట్టండి.

7.7 యంత్రం అనువదిస్తుంటే మనమెందుకు?

ఇది సరైన ప్రశ్న. మామూలు ఉత్తరాన్ని ఇప్పుడు ఫోనే అనువదిస్తుంది. పేజీకి ఇంత అని తీసుకుని సాదా అనువాదం చేసేవారి ఆదాయం దీనివల్ల దెబ్బతింటోంది. ఆ పని మీదే ఆశ పెట్టుకుని ఈ భాషలోకి రావద్దని చెప్పడం నా బాధ్యత. మిగిలేది యంత్రం రాసినదాన్ని చూసి 'ఇక్కడ తప్పు ఉంది' అని వేలు పెట్టి చూపించి, దాని కింద సంతకం చేయగల మనిషి పని. ఈక్వడార్ 'పిసీనా' చెరువేనని, 'ఇంతోక్సికాదో' అంటే మత్తు కాదని, '1.500' అంటే ఎంతో ఆ మనిషికి తెలియాలి. అందుకు భాషతోపాటు రొయ్యల పెంపకమో, వైద్యమో, లెక్కల పుస్తకమో కూడా తెలియాలి. మీ డిగ్రీలోని ప్రధాన విషయం ఏదో అదే మీ మొదటి చేయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(అ) దెలె బి1 పరీక్షలో ఒక అభ్యర్థికి మొదటి జట్టులో 44, రెండో జట్టులో 27 మార్కులు వచ్చాయి. ఫలితం ఏమిటి? ఎందుకు?
(ఆ) 'మె గుస్తా' వాక్యాన్ని తెలుగు వాక్యంతో పోల్చి వివరించండి.

అభ్యాసం
మీ జిల్లాలోని ఒక పరిశ్రమను లేదా ఎగుమతి సంస్థను ఎంచుకోండి. దాని సరుకు స్పానిష్ మాట్లాడే ఏ దేశానికి వెళ్తుందో, లేదా ఆ దేశాల నుంచి దానికి ఏది వస్తుందో కనుక్కోండి. ఆ వ్యవహారంలో స్పానిష్ కాగితం ఎవరి చేతిలో పడుతుందో, ఇప్పుడు వారు ఏం చేస్తున్నారో అక్కడ పనిచేసేవారిని అడిగి రెండు పేజీలకు మించకుండా రాసి, తదుపరి సంప్రదింపు తరగతికి తీసుకురండి. అలాంటి కాగితం ఏదీ లేదని తేలితే అదే రాయండి. దానికి మార్కులు తగ్గవు.